పగిలిన తుపాకి పట్టిన బాలుడు: జిమ్ కార్బెట్టు జీవితము

హిమాలయ పర్వతములు దిగివచ్చి మైదానమును కలిసికొను చోట, ఇప్పటి ఉత్తరాఖండ రాష్ట్రమున, కాలాఢుంగీ అను గ్రామము కలదు. దానికి పైగా కొండమీద, సరస్సు నొడ్డున, నైనీతాలు పట్టణమున్నది. ఎడ్వర్డు జేమ్స్ కార్బెట్టు 1875వ సంవత్సరము జులై 25వ తేదీన నైనీతాలునందు జన్మించెను. లోకమంతయు ఆయనను జిమ్ కార్బెట్టు అని యెఱుగును. మనుష్యులను తిన మరగిన పెద్దపులులను వెంటాడి చంపిన వేటకాడుగా ఆయన పేరు మన పాఠశాల బాలబాలికలలో చాలమంది వినియే యుందురు. ఆ పులుల కథలను పలువురు పలు విధముల చెప్పియున్నారు. నేనిచ్చట ముఖ్యముగా చెప్పదలచినది వేఱు. ఆయన చేతికి మొట్టమొదట తుపాకి యెట్లు వచ్చెను, అది యెట్టి తుపాకి, దానిని పట్టి అడవిలో నడచుట ఆయనకు నేర్పినవా రెవరు అనునదియే నా విషయము. తక్కిన జీవితము దానివెంట వచ్చును.

తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్టు నైనీతాలు పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. సంసారము చాల పెద్దది. వేసవి యంతయు నైనీతాలులోను, చలికాలము కాలాఢుంగీలోను కాపురముండుట వారి వాడుక. 1881లో తండ్రి చనిపోయెను. అప్పటికి జిమ్మునకు ఆఱేండ్లు నిండలేదు. పెద్దకుమారుడైన టామ్ తండ్రి యుద్యోగమును వహించి ఇంటి భారమును మోసెను. తల్లి పట్టణమున ఇండ్లు అద్దెకు కుదుర్చు పనిచేసి పిల్లలను పెంచెను. తండ్రిలేని బాలునకు పెద్దన్నయే తండ్రి, గురువు, దొర. జిమ్ తరువాతి కాలమున ఎందఱో గొప్పవారిని చూచెను గాని, టామ్ అన్నంత గొప్పవాడు వేఱొకడున్నాడని ఆయన నమ్మినట్లు తోపదు.

బాల్యమున జిమ్మునకు నిమోనియా జ్వరము వచ్చి ప్రాణము మీదికి తెచ్చెను. ఆహారము పుచ్చుకొనక మొండికెత్తు ఆ రోగిని త్రోవకు తెచ్చుటకై టామ్ ఒక పంగలకఱ్ఱ నిచ్చెను. రబ్బరు పట్టీ కట్టిన ఆ చీలిన కఱ్ఱయే ఆయన మొదటి ఆయుధము. పిమ్మట మట్టియుండలు విసరు ఉండేలు పట్టెను. గొల్లపిల్లవాడైన దావీదు రాజుగారి కవచమును, ఖడ్గమును ధరింపనొల్లక తనకు అలవాటైన వడిసెలనే తీసికొని వెళ్ళినట్లు మనము చదివియున్నాము గదా. చిన్న ఆయుధముతో గుఱి కుదిరిన చేతికి పెద్ద ఆయుధము పిమ్మట సులభముగా లోబడును. జిమ్ తాను కొట్టిన పిట్టలను వ్యర్థముగా పాఱవేయలేదు. బంధువైన స్టీఫెన్ డీస్ అను నాతడు కుమావూను మండలపు పక్షులను గూర్చి గ్రంథము సిద్ధపఱచుచుండెను. బాలుడు ఆతనికి మాదిరి పక్షులను సమకూర్చి పెట్టుచు వాటి పేర్లను, కూతలను, గూళ్ళను, తిండిని తెలిసికొనెను. ఈ పనికి ప్రతిఫలముగానే ఆతనికి తుపాకి లభించినది.

అది ఎట్టి తుపాకి యనుకొన్నారు! రెండు గొట్టముల తుపాకియే గాని, కుడి గొట్టము ఆఱంగుళముల పొడవున పగిలియుండెను. గొట్టములును, వెనుకనున్న కొయ్య మడమయు ఊడి విడిపోకుండ ఇత్తడి తీగెతో చుట్టి కట్టబడియుండెను. ఎడమ గొట్టము ఒక్కటే పనికివచ్చును. ఇంతకును అది మన పల్లెలలో నాటు తుపాకి యని పిలుచు జాతిది. అనగా వెనుకనుండి తూటా పెట్టి మూయునది గాక, మూతినుండి మందు దట్టించునది. సైన్యములవారు అప్పటికే అట్టి తుపాకులను విడిచి తూటాల తుపాకులను పట్టియుండిరి. పెద్దలకు అక్కఱలేక మూలబడినదే పిల్లవాని చేతికి వచ్చినదన్నమాట.

అట్టి తుపాకిని కాల్చుట ఎంత పనియో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెము వివరించెదను. మొదట కొలత ప్రకారము తుపాకి మందును మూతినుండి పోయవలయును. దానిపై కాగితమునో పేలికనో ఉండగా చుట్టి త్రోసి, పొడవైన కడ్డీతో అడుగునకు దట్టింపవలయును. పిమ్మట సీసపు రవ్వలను పోసి, అవి జాఱి పడకుండ మఱియొక ఉండను దట్టింపవలయును. గొట్టము వెనుక కొననున్న చిన్న ముక్కునకు రాగి టోపీ నొకటి తొడుగవలయును. మీట నొక్కినప్పుడు సుత్తి ఆ టోపీపై పడును. నిప్పు లోనికి ప్రాకి మందు నంటించును. గుప్పున పొగ లేచి ఎదుట నున్నదానిని కప్పివేయును. మందు తగ్గినచో రవ్వలు పిట్టను చేరవు. మందు హెచ్చినను, ఉండ సరిగా దిగక నడుమ ఖాళీ యేర్పడినను, గొట్టమే పగిలి కాల్చినవాని చేతులను, కన్నులను తీసికొనిపోవును. ఒకమాఱు దట్టించిన సంగతి మఱచి మఱల దట్టించినవారు బ్రదికి బట్టకట్టుట అరుదు. మంచు తగిలి మందు చెమ్మగిలెనా, అది పేలనే పేలదు, లేదా మీట నొక్కిన కొంత సేపటికి పేలును. ఒక్క దెబ్బ తప్పినచో రెండవ దెబ్బకు ఈ తంతంతయు మొదటినుండి జరుపవలయును. అంతవఱకు ఏ జంతువును నిలిచియుండదు; నిలిచియున్నచో అది మనమీదికి వచ్చుటకై నిలిచినదే.

తల్లిదండ్రులు నన్నడిగినచో, అట్టి తుపాకిని పదేండ్లు నిండని పిల్లవాని కిచ్చుటను నేనెన్నడును మెచ్చనని చెప్పుదును. పగిలిన గొట్టమును చూచియు ఇచ్చిన ఆ పెద్దమనుష్యుని తెలివి నాకు బోధపడదు. ఐనను ఆ తుపాకిలోని లోపములే ఆ బాలునకు ఉపాధ్యాయులైనవి. మందును, రవ్వలను అతడు లెక్కపెట్టుకొని వాడవలసి వచ్చెను. ఒక్క గొట్టమునందు ఒక్క దెబ్బ మాత్రమే యుండుటచేత దూరమునుండి కాల్చు ఆశ విడిచి, జంతువునకు మిక్కిలి చేరువగా పోవలసి వచ్చెను. చేరువగా పోవలయునన్న ఎండుటాకుపై చప్పుడు కాకుండ నడువవలయును; గాలి యెటు వీచుచున్నదో చూడవలయును; కోతి యేల అఱచెను, దుప్పి యేల కూసెను, పిట్ట యేల ఒక్కసారిగా ఊరకుండెను అని తెలియవలయును. కాలాఢుంగీ అడవియందలి సమస్త ప్రాణుల భాషను ఆ బాలుడు ఈ విధముగా నేర్చుకొనెను. రెండు మంచి గొట్టములును, సంచినిండ తూటాలును ఉన్నచో ఆ విద్య ఆతనికి అబ్బెడిది కాదేమో.

ఒకనాడు అతడు ఆ తుపాకి చేతబట్టి ఒక రేగుపొద చాటున అడవికోళ్ళను పొంచి పట్టబోవుచుండెను. హఠాత్తుగా పొద కదలెను. ఆవలి ప్రక్కనుండి పెద్దపులి యొకటి బయటికి వచ్చి నిలిచి, వెనుదిరిగి ఆ పిల్లవాని వైపు చూచెను. అతనియొద్ద నున్నది కోడికి చాలు రవ్వలు మాత్రమే. పులి కొంతసేపు తేఱిపాఱ చూచి, తొందర లేకుండ, మఱల వెనుకకు చూడనైన చూడక వెళ్ళిపోయెను. తన జోలికి రానివాని జోలికి పులి రాదను నమ్మకము ఆ క్షణముననే ఆయన మనస్సున నాటుకొనెను. ముప్పదేండ్లకు పైగా నరభక్షకులను వెంటాడినను ఆ నమ్మకము చెదరలేదు.

అట్లని భయమెఱుగని పిల్లవాడని తలంపవలదు. చలికాలపు రాత్రులలో బోర్ నదిమీది కొయ్యవంతెన కడ పిల్లలందఱును మంటచుట్టు కూర్చుండి, డాన్సే అను ఐర్లండు దేశీయుడు చెప్పు దయ్యముల కథలు వినుచుండెడివారు. చావును ముందుగా చాటు ఐర్లండు పిశాచము నొకవైపు, కుమావూను పల్లెలలోని చుడేలు మఱియొకవైపు ఆ పిల్లల నిద్ర చెఱచుచుండెను. అడవిలో భయమనునది మనుష్యుని కాపాడు కాపరి యని కార్బెట్టు పెద్దవాడైన తరువాతను తలంచెను. ఆయన భయమును దాచుకొనలేదు. ఆయన పుస్తకములలో నాకు మిక్కిలి నచ్చిన గుణమదియే.

తుపాకి నిచ్చినవాడు స్టీఫెన్ డీస్ ఐనను, దానితో బ్రతికి బయటపడుట నేర్పినవారిలో కున్వర్ సింగు అను నాతని పేరు ముందు చెప్పవలయును. ఈతడు చాందినీ చౌకు అను గ్రామమునకు పెద్ద. ఠాకూరు కులస్థుడు. ఆ ప్రాంతమున దొంగవేటకు ఈతని మించినవాడు లేడు. టామ్ అనిన ఈతనికి ఎనలేని యభిమానము. దొంగవేటకాడు గురువేమిటని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. ఆ శంక న్యాయమైనదే గాని, అడవిలోని త్రోవలను కలెక్టరుగారికంటె అతడే యెక్కువ యెఱుగును. తుపాకి పట్టిన బాలుని చూచి కున్వర్ సింగు సంతోషించి, ఇక నీవు పిల్లవాడవు కావని గౌరవించి, ఒక్క నియమము పెట్టెను. చెట్టెక్కుట రానివాడు అడవిలో అడుగు పెట్టరాదు. ఆ నియమమునకు నిదర్శనముగా తన మిత్రుడైన హర్ సింగు కథ చెప్పెను. వారిరువురును కలిసి వేటకు పోయినప్పుడు పెద్దపులి యెదురుపడెను. కున్వర్ సింగు చెట్టెక్కెను. చెట్టెక్కుట తెలియని హర్ సింగు మ్రానును కౌగిలించుకొని నిలిచిపోగా, పులి వెనుక కాళ్ళపై లేచి ఆతని పొట్టను చీల్చెను. కున్వర్ సింగు గాలిలోనికి తుపాకి పేల్చి దానిని తఱిమి, మిత్రుని గాయమును గుడ్డతో బిగించి కట్టి, అడవినుండి బయటికి తెచ్చెను. ఇట్టి కథ విన్న బాలుడు చెట్టెక్కుట నేర్వకుండునా?

పాఠశాల చదువు నైనీతాలులో జరిగెను. ఆ కాలమున పాఠశాల బాలురకు సైనిక శిక్షణ యిచ్చు దళముండెను. పదేండ్ల యీడున జిమ్ ఆ దళములో చేరి, తనిఖీకి వచ్చిన గొప్ప అధికారి యెదుట గుఱి కాల్చి మెప్పు పొందెను. దళపు సార్జంటు మేజరు సంతోషించి, మార్టిని హెన్రీ రైఫిలును, కావలసినన్ని తూటాలను అడవికి తీసికొనిపోవ ననుమతించెను. దానికి ఆయన పెట్టిన షరతులు రెండే: రైఫిలును శుభ్రముగా నుంచవలయును, కాల్చిన తూటాల ఖాళీ గొట్టములను లెక్కకు అప్పగింపవలయును. ఉపాధ్యాయుడనైన నాకు ఆ రెండవ షరతు చాల ముచ్చటగా తోచును. ఎన్ని దెబ్బలు కాల్చితివి అని పిల్లవానిని ప్రశ్నింపనక్కఱ లేకుండ, ఖాళీ గొట్టములే సాక్ష్యము చెప్పును గదా.

ఆ రైఫిలుతోనే జిమ్ తన మొదటి చిఱుతపులిని కొట్టెను. దెబ్బ తగిలిన మృగము పొదలలోనికి పోయెను. పిల్లవాడొక్కడే. చీకటి పడక మునుపే ఇల్లు చేరవచ్చును, ఎవరును తప్పుపట్టరు. ఐనను గాయపఱచిన జంతువును విడిచి వెళ్ళరాదని టామ్ నేర్పియుండెను. నెత్తుటి జాడను పట్టుకొని, అడుగడుగునకు ఆగుచు, పొదలలో దాని నెదుర్కొని పని ముగించిన పిమ్మటనే అతడు ఇంటికి పరుగెత్తెను. గాయపడిన జంతువును విడిచిపెట్టినచో ఏమగునో అతడు పెద్దవాడైన తరువాత చంపావతు గ్రామమున కన్నులార చూచెను. ఆ సంగతి ముందు వచ్చును.

పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి సంసార భారము ఆయనను చదువునుండి లాగెను. బెంగాల్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఇంజన్లకు కట్టెలు సమకూర్చు ఇన్స్పెక్టరుగా చేరి, పిమ్మట గంగానది యొడ్డున మొకామా ఘాటునందు సరకుల నొక బండినుండి మఱియొక బండికి మార్చు గుత్తపని వహించి, ఇరువదేండ్లకు పైగా అచ్చటనే యుండెను. ఈ కాలమును గూర్చి ఒక్క సంగతి చెప్పి ముందునకు పోయెదను. కూలీల పిల్లలకై ఆయనయు, స్టేషను మాస్టరైన రామ్ సరన్ గారును కలిసి పాఠశాల పెట్టిరి. వేఱు వేఱు కులముల పిల్లలు ఒక యింటిలో కూర్చుండరాదను అడ్డంకి వచ్చెను. రామ్ సరన్ గారు ఆలోచించి, పాకకు గోడలు తీసివేయించిరి. కప్పు మాత్రము మిగిలినది గనుక అది ఇల్లు కాదు, పందిరి. పందిరి క్రింద అందఱును కూర్చుండవచ్చును! ఇరువదిమంది పిల్లలతో మొదలైన ఆ బడి రెండువందల మందికి పెరిగినది. పులులను చంపిన కీర్తికంటె ఈ గోడలు తీసిన బడి తక్కువది కాదని నా యభిప్రాయము.

1907వ సంవత్సరమున చంపావతు పెద్దపులి కథ జరిగెను. అది ఆడపులి. నేపాళమున రెండువందలమందిని తిని, అచ్చటనుండి తఱుమబడి కుమావూనులో ప్రవేశించెను. మొత్తము 436 మందిని చంపినట్లు లెక్క. ఊళ్ళలో జనులు పట్టపగలు తలుపులు బిగించుకొని, పంటలు విడిచి, నీళ్ళకు సైతము బయటికి రాక దినములు గడపిరి. ప్రభుత్వమువారు కార్బెట్టును పిలువగా ఆయన రెండు కోరికలు కోరెను. పులి తలకు ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలయును. తక్కిన వేటకాండ్రను వెనుకకు రప్పింపవలయును. డబ్బునకై చంపువాడనిపించుకొనుట ఆయనకు రోత. పొదల మాటున నుండి తోటి వేటకాని గుండు తగులునేమో యను భయమును కలదు.

చంపావతు తహశీల్దారుగారు ఊరివారిని కూడగట్టిరి. సుమారు మూడువందలమంది డప్పులతో, పాత తుపాకులతో కొండమీదినుండి కేకలు వేయుచు పులిని లోయలోనికి దింపిరి. కార్బెట్టు యొద్ద మూడు తూటాలు మాత్రమే యుండెను. మూడును కాల్చెను, పులి గాయపడెను గాని పడలేదు. తన యెదుట ఎత్తైన బండమీద నిలిచి గుఱ్ఱుమనుచుండెను. ఆయన పరుగెత్తి పోయి తహశీల్దారుగారి తుపాకిని అడిగి పట్టుకొని మఱల లోయలోనికి వచ్చెను. గుఱి చూచునప్పుడు గదా కనబడినది: ఆ తుపాకి గొట్టములకును, వెనుక మూతకును నడుమ ఇంచుమించు అంగుళములో మూడవ వంతుకు మించిన సందు ఉన్నది! కాల్చినచో నిప్పు వెనుకకు చిమ్మి కన్నులు పోవచ్చును. చిన్ననాడు ఇత్తడి తీగె చుట్టిన తుపాకిని మోసిన చేతులకు ఇట్టి పరీక్ష క్రొత్త కాదు. ఆయన కాల్చెను. ఆ తుపాకి గుండు తలకు గుఱి పెట్టగా పులి పాదమునకు తగిలెను. కాని మునుపటి గాయములవలననే అప్పటికి దాని పని తీఱియుండెను. అది బండమీదనే ఒరిగిపోయెను. కొన్ని మాసములకు సర్ జాన్ హీవెట్టు దొరవారు నైనీతాలు దర్బారులో ఆ తహశీల్దారుగారికి తుపాకి నొకటి బహూకరించిరి. అది ఎంత అవసరమైన బహుమానమో కార్బెట్టునకు తెలిసినట్లు వేఱొకరికి తెలియదు.

చచ్చిన పులి నోరు తెఱచి చూడగా కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. పైది సగము, క్రిందిది ఎముక వఱకు. ఏనాడో ఎవరో కాల్చిన తుపాకి దెబ్బవలన అవి విఱిగినవి. కోఱలు లేని పులి అడవిలోని మృగములను పట్టలేదు. అందుచేత కాళ్ళు రెండే గలిగి, పరుగు రాని మనుష్యుని పట్టినది. ఆ వేటకా డెవరో, అతని పేరేమో ఎవరికిని తెలియదు. అతడు ఒక దెబ్బ కాల్చి, గాయపడిన పులిని వెంటాడక ఇంటికి పోయి భోజనము చేసియుండును. ఆ భోజనమునకు 436 కుటుంబములు వెల చెల్లించినవి. నరభక్షకులు పుట్టుకతో అట్టివి కావనియు, గాయములో, ఏదుపంది ముండ్లో, ముసలితనమో వాటిని ఆ దారికి త్రోయుననియు కార్బెట్టు తన పుస్తకములందు మఱల మఱల చూపెను. చంపావతు పిమ్మట పనార్ చిఱుతపులి, 1926లో రుద్రప్రయాగ చిఱుతపులి, 1938లో ఠాక్ ఆడపులి ఆయన చేతిలో చచ్చినవి. రుద్రప్రయాగ చిఱుతపులి కేదారనాథ బదరీనాథ యాత్రికుల త్రోవలో ఎనిమిదేండ్లు తిరిగి 125 మందిని తిన్నట్లు ప్రభుత్వపు లెక్క.

ఆయన చేసినదంతయు మెచ్చదగినదని నేను వ్రాయను. 1930లో పొవల్‌గఢ్ అడవిలో మనుష్యుల జోలికెన్నడును పోని పెద్దపులి నొకదానిని, అది చాల పెద్దదను కీర్తికై, ఆయన చంపెను. గవర్నర్లకు, వైస్రాయిలకు వేటలు కుదిర్చిపెట్టెను. ఆ పనులను ఆయన కాలమువారు ఘనముగా నెంచిరి. ఐతే క్రమముగా ఆయన చేతిలోని తుపాకి స్థానమును కెమెరా ఆక్రమించెను. కదలు చిత్రములు తీయు కెమెరాతో పెద్దపులులను పట్టుటకై నెలల తరబడి వాగు నొడ్డున కూర్చుండెను. తుపాకితో చేరువగా పోవుట నేర్చినవాడు గనుక కెమెరాతోను పోగలిగెను. పాఠశాలలకు పోయి పిల్లలకు అడవి కూతలు కూసి వినిపించెను. 1936లో హిందూదేశమున మొట్టమొదటి జాతీయ వనము ఆయన తిరిగిన అడవులలోనే హేలీ దొర పేర వెలసెను. దానికి ఆయన చాల పాటుపడెను. ఆయన మరణానంతరము, 1957లో, దానికి కార్బెట్టు పేరు పెట్టిరి. 1973లో పులుల రక్షణ పథకము అచ్చటనే ఆరంభమైనది.

కున్వర్ సింగును మఱచితినని తలంపకుడు. ఆతడు ముదిమిలో నల్లమందునకు బానిసయై, మంచము పట్టి, చావు దగ్గఱైనట్లు కార్బెట్టునకు వార్త వచ్చెను. ఆయన ఉన్నపాటున చాందినీ చౌకునకు పోయి, మత్తులో పడియున్న ఆ వృద్ధునకు వేడిపాలు త్రాగించి, అర్ధరాత్రివేళ జందెము, రావియాకు, ఆవుతోక సాక్షిగా ఇక నల్లమందు ముట్టనని ప్రమాణము చేయించెను. ఆ ప్రమాణము నిలిచెను. కున్వర్ సింగు మఱల లేచి నడచెను. క్రైస్తవుడైన కార్బెట్టు ఆతని మతమునకు చెందిన గుఱుతులతోనే ఆతనిని బంధించుట చూడుడు. చెట్టెక్కుట నేర్పినవానిని గోతిలోనుండి ఎక్కించెను.

1944లో కుమావూను నరభక్షకులను గూర్చిన మొదటి గ్రంథము వెలువడి లోకమంతట పేరు తెచ్చెను. దాని మొదటి ముద్రణపు రాబడిని యుద్ధమున కన్నులు పోయిన సిపాయిల ఆశ్రమమునకు ఇచ్చివేసెను. ఆ పగిలిన తుపాకిని గూర్చి ఆయన ఆ పుస్తకపు పీఠికలోనే చెప్పెను. బాల్యమును గూర్చిన కథలను 1953లో వెలువడిన మఱియొక గ్రంథమున విస్తరించెను.

ఇంత దూరపు మనుష్యుని కథ మన హబ్సిగూడ పిల్లలకేల యందురా? మన సికిందరాబాదునకు చేరువనున్న బొల్లారమునందు 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణదేశమున కార్బెట్టు వంటివాడే యని పేరు పొందెను. ఆయనకును అడవి విద్య నేర్పినవారిలో ముఖ్యుడు నాటు తుపాకి పట్టి దొంగవేటలాడు బైరా అను కొండవాడు. అంతియే గాక నాటు తుపాకి మన తెలుగు అడవులనుండి ఇంకను మాయము కాలేదు. 1972వ సంవత్సరపు చట్టము వేటను నిషేధించినది. పంగలకఱ్ఱతో నెమలిని కొట్టినను నేరమే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో నెమళ్ళు నేటికిని తిరుగుచున్నవి. వానకాలపు సాయంకాలమున తార్నాక వైపునుండి నడచి వచ్చు పిల్లలు, తుపాకి లేకుండనే, కార్బెట్టు చేసినట్లు గాలివాటు చూచుకొని, చప్పుడు కాకుండ, ఎంత చేరువగా పోగలరో ప్రయత్నింపవచ్చును. అది నేను అనుకొన్నదానికంటె చాల కష్టమైన విద్య యని నా తరగతి పిల్లలు నాకు చెప్పిరి.

కార్బెట్టు పెండ్లియాడలేదు. అక్క మ్యాగీ జీవితమంతయు ఆయనతోనే యుండెను. 1947లో వారిరువురును హిందూదేశమును విడిచి ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు పోయి, న్యేరి పట్టణమున స్థిరపడిరి. వారు కాపురమున్న చిన్న యిల్లు బాలభటోద్యమ స్థాపకుడైన బేడెన్ పవెల్ దొరవారి కొఱకు కట్టినది. 1952 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాకుమార్తె అచ్చటి అడవిలో చెట్టుమీది యింటినుండి మృగములను చూడవచ్చినప్పుడు కార్బెట్టు ఆమె వెంట నుండెను. తండ్రి మరణముచేత ఆమె రాణియైనది ఆ రాత్రియే. ఆ రాత్రిని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమే ఆయన తుది రచన. 1955 ఏప్రిల్ 19వ తేదీన గుండెజబ్బుచేత మరణించెను. న్యేరిలోని పరిశుద్ధ పేతురు దేవాలయపు శ్మశానమున, బేడెన్ పవెల్ గారిని పాతిపెట్టిన చోటనే, ఆయనను పాతిపెట్టిరి. మ్యాగీ మఱి యెనిమిదేండ్లు బ్రదికెను. కాలాఢుంగీలోని వారి యిల్లు ఇప్పుడు వస్తుప్రదర్శనశాల.